వారం బండి

మా అన్న చనిపోయి నాలుగు నెలలయింది. ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. మాట్లాడమని మాత్రం ఒకసారి అడిగారు, సమాధి దగ్గర. అప్పుడు రెండు మాటలు మాట్లాడి పక్కకు తప్పుకున్నాను. చెప్పవలసింది చెప్పలేదు. చెబుతానని ఆయనకు మాట ఇచ్చి కూడా చెప్పలేదు. అందుకని ఇప్పుడు రాస్తున్నాను.

సంగతి చిన్నదే. అరచేతిలో ఇమిడే ఒక నీలం బొమ్మకారు గురించి.

మాది మొయినాబాద్. నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలిచేవాళ్లం. బాపు ఒక నవాబుగారి దగ్గర డ్రైవరు. నవాబుకు చిన్న మంగళారం వైపు మామిడితోట ఉండేది. ఆయన్ని పట్నం నుంచి తోటకూ, తోట నుంచి పట్నానికీ తిప్పడం బాపు పని. నేనింకా బడికి పోని రోజుల్లో వాళ్లు తోట అమ్మేశారు. పిల్లలు పెద్దవాళ్లయి పరాయి దేశాలకు పోయారు. పట్నంలో ఇల్లు ఖాళీ చేసేటప్పుడు బేగం సాహెబా ఒక దిండు గలీబులో పిల్లల పాత బొమ్మకార్లు వేసి బాపు చేతికిచ్చింది. ఆరు కార్లు. రేకువి కావు, చెక్కవి కావు. అచ్చులో లోహం పోసి చేసినవి. చూపుడు వేలంత పొడవు, చేతిలో పెట్టుకుంటే అంత చిన్న వస్తువుకు ఉండకూడని బరువు. కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఇంగ్లండులో తయారైనట్టు రాసి ఉండేది.

అన్నకు అప్పుడు పదమూడేళ్లు. ఆ ఆరింటినీ చాప మీద వరసగా పెట్టి సాయంత్రం దాకా ముట్టుకోకుండా చూస్తూ కూర్చున్నాడట. అవ్వ ఆ మాట చాలా ఏళ్లు చెప్పేది.

"ఆడుకోరా అంటే ఆడుకోడు. పీనుగు ముంగట కూసున్నట్టు కూసున్నడు" అనేది.

తోట పోయాక బాపు చేవెళ్ల నుంచి పట్నానికి కూరగాయల లారీ నడిపాడు. గురువారం అన్నకు బడి లేకపోతే లారీలో ఎక్కించుకొని పోయేవాడు. ఆ రోజు పట్నంలో జుమ్మెరాత్ బజార్‌లో పాత సామాన్లు నేల మీద పోసి అమ్ముతారు. తాళాలు, గ్లాసులు, గడియారం ముళ్లు, వాటి మధ్య అప్పుడప్పుడూ ఒక బొమ్మకారు. అన్న అక్కడ గంటల తరబడి గొంతు కూర్చుని వెతికేవాడు. చాలా గురువారాలు వట్టి చేతులతో వచ్చేవాడు. ఆరేళ్లలో పద్నాలుగు కార్లయ్యాయి. వాటిని బిస్కెట్ల రేకు పెట్టెలో దూది పరిచి పెట్టి, పెట్టెకు గొళ్లెం అతికించి, తాళం వేసేవాడు. తాళం చెవి ఎర్ర దారంతో గోడ మీద క్యాలెండర్ వెనక మేకుకు వేలాడేది.

"నేను అసలు కారు నడుపుతె జీతమిస్తున్నరు. నువ్వు బొమ్మకారు తుడుస్తవు, నీకెవరిస్తరు రా?" అనేవాడు బాపు. కానీ బజార్‌లో కారు కనిపిస్తే ముందు కేకేసేది ఆయనే.

అన్నకు కొన్ని నియమాలు ఉండేవి. కారును పైకప్పు పట్టుకొని ఎత్తకూడదు, చేతి చెమటకు రంగు పోతుంది. చక్రాల పక్కన రెండు వేళ్లతో ఎత్తాలి. నేల మీద దొర్లించకూడదు. రంగు పోయిన చోట కొత్త రంగు వేయకూడదు. నన్ను పెట్టె మూత పట్టుకోనిచ్చేవాడు. కారును పట్టుకోనిచ్చేవాడు కాదు.

"నీ చేతులకు బెల్లముంటది" అనేవాడు.

"కడుక్కొని వస్త."

"కడిగినంక తడుంటది."

ఆ పద్నాలుగింటిలో మేలైనది నీలం కారు. దానికి రెండు తలుపులు తెరుచుకునేవి. వెనక డిక్కీ తెరిస్తే లోపల కందిగింజంత స్పేర్ చక్రం. ముందు బంపర్ మీద రంగు గీసుకుపోయి కింది లోహం కనిపించేది. ఆ గీత ఏ పిల్లవాడు ఎక్కడ గుద్దితే పడిందో అని అన్న ఆలోచించేవాడు. నేను మాత్రం ఆ తలుపుల గురించే ఆలోచించేదాన్ని.

ఇలాంటి పిచ్చి ఉన్నది ఆ చుట్టుపక్కల మా అన్న ఒక్కడికే అనుకునేవాళ్లం. నాకు పదేళ్లప్పుడు చేవెళ్ల బడికి ఒక లెక్కల మాస్టారు వచ్చాడు. కోస్తా వైపు మనిషి. సముద్రం ఉన్న ఊరని చెప్పేవాడు, ఊరి పేరు మేం అడగలేదు. పెళ్లి కాలేదు. చేవెళ్లలో ఒక గది కిరాయికి తీసుకొని ఉండేవాడు. ఆదివారం సైకిల్ తొక్కుకుంటూ మొయినాబాద్‌లో మా చర్చికి వచ్చేవాడు. ఒక ఆదివారం కానుకల సంచి తన దాకా వచ్చినప్పుడు జేబులోంచి రుమాలు తీస్తే దాంతోపాటు ఒక తెల్లటి అంబులెన్సు బయటికి వచ్చింది. పక్క వరసలో ఉన్న అన్న దాన్ని చూశాడు. ఆ రోజు ప్రసంగం ఏమిటో వాళ్లిద్దరికీ గుర్తుండి ఉండదు.

మాస్టారి దగ్గర తొమ్మిది కార్లుండేవి. ఓడల మీద పనిచేసేవాళ్లు తెచ్చి అమ్మితే చిన్నప్పటి నుంచీ కూడబెట్టినవట. ఆ అంబులెన్సు వాటిలో మేలైనది. వెనక తలుపు తెరిస్తే లోపల చిటికెన వేలి గోరంత స్ట్రెచర్ ఉండేది. బయటికి తీయవచ్చు, మళ్లీ లోపల పెట్టవచ్చు.

వాళ్లిద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి పిట్టగోడ మీద కూర్చుని చెరొక కారు మార్చుకునేవారు. ఒక్క వారానికి. వచ్చే ఆదివారం ఎవరిది వాళ్లకిచ్చి ఇంకొకటి తీసుకోవాలి. దానికి వారం బండి అని పేరు పెట్టింది మా అవ్వ.

"ఏమయ్యా సారూ, ఈ వారం బండి ఏది? ఎడ్లు లేవు, మేత లేదు, మంచిగున్నది మీ వ్యవసాయం" అనేది.

"మేత ఎందుకు లేదమ్మా, ఆదివారం ఆదివారం మీ ఇంట్లో భోంచేస్తున్నాం కదా" అనేవాడాయన. అవ్వ నవ్వి ఇంకో గరిటె వేసేది. చేవెళ్లలోనూ ప్రార్థన జరిగేది. ఆయన ఇంత దూరం తొక్కుకొని వచ్చేది దేవుడి కోసమా, బండి కోసమా అని అవ్వకు అనుమానం.

వారం బండికి ఒకటే గట్టి నియమం. మూడో మనిషి చేతికి ఇవ్వకూడదు. తీసుకునేది, ఇచ్చేది వాళ్లిద్దరే. నేను పిట్టగోడ కింద నిలబడి అడిగాను, నాకూ ఒక వారం ఇవ్వండి అని.

"నీకేముంది మార్చనీకి?" అన్నాడు అన్న.

నిజమే. నా దగ్గర కారు లేదు. మాస్టారు మాత్రం "నీకు వంతు వస్తుందిలే అమ్మాయ్" అన్నాడు. పెద్దవాళ్లు పిల్లలతో అలాగే అంటారు. నేను రెండేళ్లు ఎదురుచూశాను.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్రం కావాలని గొడవలు మొదలయ్యాయి. అన్న పట్నంలో కాలేజీలో చేరి హాస్టల్‌లో ఉంటున్నాడు. శనివారం ఇంటికి వచ్చేవాడు, ఆదివారం కార్లు మార్చుకునేవాడు. మొదట్లో గొడవ గురించి ఆ పిట్టగోడ మీదే వాళ్లిద్దరూ మాట్లాడుకునేవారు. నేను విన్నాను.

ఈ ప్రాంతం కొలువులు ఈ ప్రాంతం వాళ్లకే అని ఒప్పుకున్నారు కదా, దానికి ముల్కీ సర్టిఫికెట్ చూపించాలి కదా, ఇన్ని కొలువులు పై వాళ్లకు ఎట్లా పోయాయి అని అన్న అడిగాడు. మాస్టారు చేతిలో ఉన్న కారును రుమాలులో చుట్టి పక్కన పెట్టాడు. తర్వాత తనే చెప్పాడు.

"నా దగ్గరా ఉంది తమ్ముడూ ఆ కాగితం. చిన్నప్పటి నుంచీ ఇక్కడే ఉన్నానని రాసి ఉంటుంది. నీకు తెలుసుగా, అబద్ధమే. మా బావ పట్నంలో ఎవరికో చెప్పి రాయించాడు. ఉద్యోగం కావాల్సి వచ్చింది, తీసుకున్నాను."

"గా కొలువు మావోడు ఒకడికి రావాలె గద సార్."

"రావాలి."

అంతే. ఆయన వాదించలేదు. అన్న ఆ వారం తెల్ల అంబులెన్సు తీసుకున్నాడు, మాస్టారు నీలం కారు తీసుకున్నాడు. నాకు తెలిసి మేలైన రెండు కార్లూ ఒకేసారి చేతులు మారింది ఆ ఒక్కసారే. అబద్ధం ఒప్పుకున్న మనిషికి అన్న తన మేలైన కారు ఎందుకిచ్చాడో నేను అడగలేదు. ఒప్పుకున్నందుకే ఇచ్చి ఉంటాడని ఇప్పుడనుకుంటాను.

మరుసటి ఆదివారం బస్సులు లేవు. ఆ తర్వాతి ఆదివారం రోడ్డు మీద రాళ్లు పేర్చారు. కాలేజీలు మూతపడ్డాయి, బడులు మూతపడ్డాయి. అన్న పట్నంలోనే ఉండిపోయి ఊరేగింపుల్లో తిరుగుతున్నాడని కబురు వచ్చేది. వారం కాస్తా మూడు నెలలయింది. మధ్యలో బాపు లారీ చేవెళ్లకు పోయిన రోజులున్నాయి. బాపు చేతికిచ్చి పంపితే రెండు కార్లూ ఇల్లు చేరేవి. కానీ మూడో మనిషి చేతికి ఇవ్వకూడదు. అంత చిన్న నియమాన్ని అంత పట్టుదలగా పాటించడం ఆ ఇద్దరికే చెల్లింది.

ఎండాకాలం చివర్లో అన్నను పట్నంలో పోలీసులు పట్టుకొని లోపల వేశారు. అవ్వా బాపూ చూడటానికి పోయారు. నేను ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. పన్నెండేళ్లు. పొద్దు నడినెత్తికి వచ్చిన వేళ వాకిట్లో సైకిల్ ఆగింది. మాస్టారు. సైకిల్ వెనక ఒక ట్రంకు పెట్టె, హ్యాండిల్‌కు ఒక సంచి. నుదుటి మీద దూది పట్టీ. ముందు రోజు ఆయన గది కిటికీలు పగలగొట్టారని అప్పటికే మాకు తెలుసు. పగలగొట్టినవాళ్లలో మా వెనక వీధి అబ్బాయి ఒకడు, అన్న జతగాడు. ఆ సంగతి వాడే గొప్పగా చెప్పుకుంటూ తిరిగాడు.

"అన్నయ్య లేడా?"

"జైల్ల ఉన్నడు."

ఆయన గడప మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడు. తాగి, "నేను వెళ్లిపోతున్నాను అమ్మాయ్. పట్నం వరకు సైకిలు, అక్కణ్నుంచి రైలు" అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "నా అంబులెన్సు ఉందా?" అన్నాడు.

"పెట్టెకు తాళమున్నది. చెవి అన్న దగ్గరున్నది" అన్నాను.

ఎందుకలా అన్నానో చెప్పగలను. పెట్టె తీశానని తెలిస్తే అన్న తిడతాడని భయం. అది సగం. ఆ స్ట్రెచర్‌ను నేనింకా ఒక్కసారీ ముట్టుకోలేదు. అది మిగతా సగం.

ఆయన గోడ వైపు చూశాడు. క్యాలెండర్ కింద నుంచి ఎర్ర దారం, దారానికి చెవి బయటికి కనిపిస్తూనే ఉన్నాయి. ఆయన చూశాడని నాకు తెలుసు. సంచిలోంచి రుమాలు మూట తీసి విప్పాడు. నీలం కారు.

"ఇది మీ అన్నయ్యది. మూడో మనిషి చేతికి ఇవ్వకూడదని మా నియమం. ఇవాళ తప్పుతున్నాను. అతను రాగానే ఇవ్వు. నాది అతని దగ్గరే ఉండనీ, ఎప్పుడైనా వస్తే తీసుకుంటాను."

చక్రాల పక్కన రెండు వేళ్లతో పట్టుకొని నా అరచేతిలో పెట్టాడు. నేను చేతులు కడుక్కున్నానా లేదా అని చూడలేదు.

సైకిలెక్కి, కాలు పెడలు మీద పెట్టి, "చూశావా, నీకు వంతు వచ్చింది" అన్నాడు. మళ్లీ ఆయన్ని మేం చూడలేదు.

ఆ కారును నేను వంటింట్లో మట్టి గురుగుల దొంతరలో అన్నిటికంటే కింది గురిగిలో, బియ్యం మధ్య దాచాను. దొంగతనం అనుకోలేదు. నా వంతు అనుకున్నాను. ఒక్క వారం. వారం కాగానే చెప్పేద్దాం, అప్పటికి అన్న కూడా వస్తాడు. అవ్వ పనిలోకి పోగానే తీసి గచ్చు మీద దొర్లించేదాన్ని. తలుపులు గోటితో తీసి వేసేదాన్ని. స్పేర్ చక్రం తీసి నాలుక మీద పెట్టుకున్నాను కూడా. ఇనుము రుచి. ఆ ఏడు రోజులు నాకు బాగా గుర్తున్నాయి. ఊళ్లో అందరూ భయంతో ఉన్నారు, మా అన్న జైల్లో ఉన్నాడు, నేను సంతోషంగా ఉన్నాను. ఆరో రోజున ఎడమ తలుపు కీలు వదులైంది. మూస్తే మూసుకోలేదు.

ఎనిమిదో రోజు అన్న వచ్చాడు. తల గొరిగి ఉంది, చెవి వెనక కుట్లు. అన్నం తిన్నాక చెబుదామనుకున్నాను. అన్నం తింటుండగానే వెనక వీధి జతగాడు వచ్చి వాకిట్లో కూర్చున్నాడు.

"మీ మాస్టర్ ఉరికిండు తెలుసా? కిటికీ పలిగిన తెల్లారే."

అన్న ముద్ద ఆపాడు. "నా నీలం కారు ఆయన తాన్నే ఉండె."

"ఇగ యాడిది? ఎత్తుకపోయిండు. కొలువు ఎత్తుకపోయినోడు కారు ఇడుస్తడా?"

అన్న నా వైపు తిరిగాడు. "ఇటు దిక్కు వచ్చిండానే మాస్టర్?"

జతగాడు కూడా నా వైపే చూస్తున్నాడు. వచ్చాడంటే కారేదీ అంటారు. కారు తెస్తే తలుపు ఊగుతుంది.

"రాలే" అన్నాను.

రెండు రోజుల తర్వాత మొయినాబాద్ రోడ్డు మీద మీటింగు పెట్టారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎడ్లబండ్ల మీద జనం వచ్చారు. జైలు నుంచి వచ్చిన పిల్లవాడని అన్నను బల్ల మీదికి ఎక్కించారు. అన్నకు అంతకుముందు నలుగురిలో మాట్లాడిన అలవాటు లేదు. సర్టిఫికెట్ల గురించి మొదలుపెట్టాడు. జనం పక్కవాళ్లతో మాట్లాడుకుంటున్నారు, ఒకాయన బీడీ అడుక్కుంటున్నాడు. అన్న ఆగాడు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు గొంతు మారింది.

"ఒక మాస్టర్ ఉండె. మా చర్చికే వచ్చెటోడు. మా పక్కన్నే కూసుండి పాటలు పాడెటోడు. మా అవ్వ చేతి బువ్వ తినెటోడు. పొయ్యేటప్పుడు ఏం జేసిండో ఎరుకనా? పిలగాండ్లు ఆడుకునే బొమ్మకారు గూడ ఇడిసిపెట్టలే. అది గూడ ఎత్తుకపోయిండు."

ముందు ఒక నవ్వు లేచింది. తర్వాత చప్పట్లు. అంత గట్టి చప్పట్లు ఆ రోజు ఇంకెవరికీ పడలేదు. జతగాడు కింద నుంచి అరిచాడు, "వాని బండి ఉన్నది గద నీ తాన, తే!" ఎవరో ఉరికి మా ఇంటికి పోయి పెట్టె పెట్టెనే పట్టుకొచ్చారు. జైలు నుంచి వచ్చాక మేకు నుంచి తీసి మెడలో తాయెత్తులా వేసుకున్న ఎర్ర దారం చెవితో అన్న దాన్ని తెరిచి తెల్ల అంబులెన్సు తీశాడు. రెండు వేళ్లతో, చక్రాల పక్కన పట్టుకొని తీశాడు. అది నాకు కనిపించింది. దాన్ని రాయి మీద పెట్టి ఇంకో రాయితో కొట్టాడు. పోత లోహం వంగదు, పగులుతుంది. మూడో దెబ్బకు పగిలింది.

జనం పోయాక దుమ్ములో వెతికితే నాకు స్ట్రెచర్ దొరికింది. దానికేమీ కాలేదు.

ఆ తర్వాత మా అన్న మళ్లీ కార్లు కూడబెట్టలేదు. మిగిలిన పదమూడు కార్లూ బంధువుల పిల్లలకు ఒకటొకటిగా పోయాయి. చదువులో ఒక ఏడాది అందరికీ పోయింది, ఆయనకు చదువే పోయింది. ఆ రోజు బల్ల మీద ఆయన భుజం తట్టిన పెద్దమనిషి కొన్నాళ్లకు ఉద్యమం విడిచి అధికారంలో ఉన్నవాళ్లలో చేరి సుఖంగా ఉన్నాడు. అన్న లారీ క్లీనరయ్యాడు, డ్రైవరయ్యాడు, చూపు మందగించాక చిన్న మంగళారంలో ఒక ఫామ్‌హౌస్‌కు కావలి కాశాడు. ఒకప్పుడు నవాబు తోట ఉన్నవైపే. శనివారం సాయంత్రం పెద్ద పెద్ద కార్లు వస్తే గేటు తీసేవాడు. రాష్ట్రం వచ్చింది. ఆయనకు ఒక శాలువా వచ్చింది. శాలువా కప్పిన రోజూ ఆ కారు కథే చెప్పమన్నారు, చెప్పాడు. వెనక వీధి జతగాడు అప్పటికి సర్పంచి పదవి చేసి దిగాడు. వాడు ఆ కథను అన్న కంటే బాగా చెప్పేవాడు.

అన్న సంపాదనతో నేను చదువుకున్నాను. టీచరునయ్యాను. పెళ్లయి పట్నం పోయినా నీలం కారు నా ట్రంకు పెట్టెలోనే ఉంది. ముప్పై ఏళ్లు పిల్లలకు అబద్ధమాడకూడదని పాఠం చెప్పాను. ఇంటికి పోయినప్పుడల్లా అన్నకు చెబుదామనుకునేదాన్ని. ఎవరో ఒకరు ఉండేవారు. ఎవరూ లేనప్పుడు ఇప్పుడెందుకులే అనిపించేది.

పోయినేడు అన్నకు ఊపిరి అందడం లేదని పట్నంలో దవాఖానలో చేర్చారు. నేను కారును సంచిలో వేసుకొని పోయాను. వదిన కాఫీ తేవడానికి కిందికి పోయింది.

"అన్నా, నీకొక ముచ్చట చెప్పాలె."

"కారు ముచ్చటనా?"

నేను సంచిలో చెయ్యి పెట్టిన దాన్ని పెట్టినట్టే ఉండిపోయాను.

"నాకెరుకనే. జైలుకెళ్లి వచ్చిన తెల్లారి అటుకుల కోసం గురుగులన్ని దేవులాడిన. కింది గురిగిల చేతికి తాకింది." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఎడమ తలుపు ఊడగొట్టినవ్ గద."

"తెల్లారి అంటే... మీటింగుకు ముందే చూసినవా?"

"ముందే."

"మరి ఎరుకయ్యి గూడ గట్ల ఎందుకు చెప్పినవ్?"

"సర్టిఫికెట్ ముచ్చట చెప్పిన ముందుగాల. ఎవ్వరు ఇనలే. గా ముచ్చట అందరి ఇండ్లల్ల ఉన్నదే. కారు అనంగనే తలకాయలన్ని ఇటు తిరిగినయ్. చప్పట్లు కొట్టిండ్రు గద." కళ్లు మూసుకున్నాడు. "అంబులెన్స్ కొట్టేటప్పుడు చెయ్యి రాలే. కని అందరు చూస్తున్నరు."

"నన్ను ఒక్కపారి అడగకపోతివి."

"నువ్వు చెప్తవని చూసిన. మీటింగు అయ్యేదాక చూసిన. ముంగట్నే నిలబడితివి."

నిజమే. ముందు వరసలోనే నిలబడ్డాను. నాకు కోపం వచ్చింది. యాభై ఏళ్లు నేనొక్కదాన్నే దొంగననుకొని బతికాను. ఆయన మోసింది ఏమిటో నాకు తెలియదు, కానీ నా బరువు దించే మాట ఒక్కటి ఆయన దగ్గరుంది. దించలేదు. ఆయన మంచం మీద ఉన్నాడు కాబట్టి ఏమీ అనలేదు. ఆరోగ్యంగా ఉంటే అనేదాన్నా అంటే, అదీ చెప్పలేను.

"మాస్టర్‌ది ఏ ఊరే?" అన్నాడు అన్న.

"సముద్రమున్న ఊరు."

"సముద్రమున్న ఊర్లు ఎన్ని ఉంటయ్." మళ్లీ తనే అన్నాడు, "నేను పోయినంక చెప్పు. అందరు కూడుతరు గద, ఆడ చెప్పు. బతికుండంగ వద్దు, నాకు తలకాయ ఎత్తుకోరాదు. చెప్తవా?"

"చెప్త" అన్నాను.

కారు తీసి ఆయన చేతిలో పెట్టాను. రెండు వేళ్లతో పట్టుకోబోయాడు, వేళ్లు ఆగలేదు. ఎడమ తలుపు వైపు చూసి తిరిగి ఇచ్చేశాడు. వదిన కాఫీ తెచ్చింది.

తొమ్మిది రోజులకు పోయాడు. మొయినాబాద్‌లో సమాధుల దగ్గర ఊరు ఊరంతా కూడింది. పాస్టరు ప్రార్థన చేశాక పాత జతగాడిని మాట్లాడమన్నారు. వాడికీ డెబ్బై అయిదు దాటాయి, చేతికర్ర. మొదట ఏడ్చాడు. అది నిజం ఏడుపే. తర్వాత కథ చెప్పాడు. మాస్టరు, చర్చి, అవ్వ చేతి బువ్వ, బొమ్మకారు. కుర్రవాళ్లు సెల్‌ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. సమాధి దగ్గర కాబట్టి చప్పట్లు కొట్టలేదు. తలలు ఊపారు.

"ఇగ చెల్లె రెండు మాటలు మాట్లాడుతది" అన్నాడు జతగాడు.

నేను ముందుకు వచ్చాను. సంచి భుజానికే ఉంది. సంచిలో కారు ఉంది, అగ్గిపెట్టెలో స్ట్రెచర్ ఉంది. వదిన నా వైపు చూస్తోంది, పిల్లలు చూస్తున్నారు. ఇప్పుడు చెబితే వాళ్ల తండ్రి ఏమవుతాడు అనుకున్నాను. అది కూడా సగమే. నేనేమవుతాను అన్నది మిగతా సగం.

"మా అన్న ఏ వస్తువునైన పయిలంగ చూసుకునేటోడు. నాకు చదువు చెప్పించిండు" అన్నాను. పక్కకు తప్పుకున్నాను.

మట్టి వేశాక జనం కదులుతుంటే జతగాడు కర్ర పొడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"చెల్లే, గా కారు నీలం రంగే గద? నేను నీలం అనే చెప్పిన. తప్పు పోలే గద?"

"నీలమే" అన్నాను.

"గట్లనైతె సరే" అని ముందుకు పోయాడు. నేను సంచి రెండో భుజానికి మార్చుకొని వాడి వెనకే నడిచాను.